మావయ్యగారి డయాలసిస్, నా టెన్షన్: సంఘంలో ఎవరితో మాట్లాడాలి?

కంచిలి_కోడలు:
అందరికీ వందనాలు. మావయ్యగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. మా ఆయన హైదరాబాద్‌లో పని. ఇంటి భారమంతా నా మీదే, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. పెళ్ళికి ముందు అమ్మతో చర్చికి వెళ్ళేదాన్ని, తర్వాత మానేశాను. అత్తవారు క్రైస్తవులు కారు, కానీ వద్దనరు. మళ్ళీ ఆదివారం ఆరాధనకు వెళ్తున్నాను. పాస్టర్ గారు దీవించి పంపేస్తున్నారు, అంతే. మనసు విప్పి మాట్లాడేది ఎవరితో?

టెక్కలి_సువార్త:
ఆదివారం చూసి తేల్చుకోకండి సిస్టర్. ఆ రోజు పాటలు, వాక్యం, కానుక, ప్రకటనలు, ఎవరికీ తీరిక ఉండదు. వారం మధ్యలో ఇళ్ళల్లో జరిగే కుటుంబ ప్రార్థనకు వెళ్ళండి. పదిమంది చాపల మీద కూర్చుంటారు. "నీ ప్రార్థన అంశం ఏటమ్మా?" అని పెద్దావిడ ఎవరో అడుగుతారు. అక్కడ నోరు తెరవడం తేలిక. ఒక్క జాగ్రత్త: అక్కడ చెప్పిన అంశం తెల్లారేసరికి వీధంతా తిరుగుతుంది, ప్రేమతోనే అనుకోండి. గుట్టుగా ఉండాల్సినవి పాస్టరమ్మగారికి, అంటే పాస్టర్ గారి భార్యకు, విడిగా చెప్పుకోండి. మా ఊళ్ళో ఆడవాళ్ళ కష్టాలు ముందు ఆవిడకే తెలుస్తాయి.

బొబ్బిలి_మాస్టారు:
మాది ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ సంఘం. పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది ఫాదర్ గారు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు, అది సభ నియమం. మీరు మా వాళ్ళు కాకపోయినా ఊరికే మాట్లాడటానికి వెళ్ళొచ్చు. పూజ అయిన వెంటనే వద్దు, ఫోన్ చేసి సాయంత్రం వెళ్ళండి.

కంచిలి_కోడలు:
పాస్టర్ గారిని ప్రార్థనకు ఇంటికి పిలిస్తే కానుక ఎంత ఇవ్వాలండీ?

రాజాం_రాజు:
టీ ఇవ్వండి. ప్రార్థనకు ఇంత అని ముందే రేటు చెప్తే దండం పెట్టి పంపేయండి.

పలాస_నర్స్:
ఇంటికి వచ్చేవాళ్ళు ప్రేమగా కొబ్బరిబోండాలు తెస్తారు. కొబ్బరితోటల ఉద్దానం కదా, ఇంకేం తెస్తారు! మావయ్యగారికి మాత్రం తాగించకండి. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, ఒంట్లో పెరిగిపోతే గుండె కొట్టుకోవడమే తేడా వస్తుంది. అరటిపళ్ళూ అంతే. "ఏం కావాలమ్మా" అని సంఘంవాళ్ళు అడిగితే మొహమాటపడకుండా మనిషి సాయం అడగండి. డయాలసిస్ మెషీన్ మీద ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఆ పూట సంఘం కుర్రాడు ఒకడు ఆసుపత్రిలో తోడుంటే మీరు ఇంట్లో కాసేపు కన్ను మూయొచ్చు. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయనకు యూత్ వాళ్ళే వంతులు వేసుకుని ఆటోలో తీసుకొస్తారు. ఆయనా క్రైస్తవుడు కాడు.

సోంపేట_పాతమనిషి:
ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. మా పిన్నిని ఒక మందిరంలో షుగర్ మాత్రలు ఆపి ఉపవాసం ఉండమన్నారు. చివరికి ఆసుపత్రిలో చేర్చాం. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో సంఘ పెద్దల్ని పిలిపించుకుని, నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోమని ఉంది. మందులు మానమని ఎక్కడుంది? మన సోంపేటలోనే కెనడియన్ బాప్టిస్టు మిషన్ డాక్టర్ బెన్ గలిసన్ గారు ఏళ్ళ తరబడి కంటి ఆపరేషన్లు చేశారు. ఆయనకు అండగా 1963లో కెనడాలో మొదలైనదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ. ప్రార్థన చేసేవాళ్ళే ఆసుపత్రి నడిపిన ఊరు మనది. కాబట్టి ఏ పాస్టర్ గారినైనా మొదట ఇదే అడగండి: "డయాలసిస్ మీద మీ అభిప్రాయం ఏమిటండీ?" జవాబు నసిగితే ఇంకో సంఘం చూసుకోండి.

టెక్కలి_సువార్త:
ఆ ప్రశ్న బాగుంది, మా సంఘంలో కూడా అడిగిస్తాను.

విజయనగరం_వాణి:
నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రార్థన ప్రార్థనే, ఇది ఇదే.

కంచిలి_కోడలు:
అందరికీ థాంక్సండీ. మావయ్యగారికి మంగళ, శుక్రవారాలు డయాలసిస్, అందుకని నాకు బుధవారం కుదురుతుంది. కంచిలి నుంచి సోంపేట దారిలో బుధవారం కూడిక ఎక్కడుందో తెలిస్తే మెసేజ్ పెట్టండి. సాయంత్రం అయితే మా అత్తగారు కూడా వస్తానంటున్నారు.