మంత్రిగా ఉన్న ఎంపీ పేరు ఎదుట సున్నా ప్రశ్నలు: జైపాల్ రెడ్డి గారి రికార్డును ఎలా చదవాలి?

ప్రశ్న: సీతాఫల్‌మండి విద్యార్థి

పెద్దలందరికీ నమస్కారం. నేను రాజనీతి శాస్త్రంలో పీజీ చేస్తున్నాను. ఒక చట్టసభ సభ్యుడి పనితీరును రికార్డుల ఆధారంగా అంచనా వేయమని సెమినారుకు అంశం ఇస్తే, సూదిని జైపాల్ రెడ్డి గారిని ఎంచుకున్నాను. 1998 సంవత్సరానికి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం పొందిన వ్యక్తి కాబట్టి, సభలో ఆయన అడిగిన ప్రశ్నలను లెక్కగట్టి పట్టిక వేస్తే సగం పేపరు పూర్తవుతుందని అనుకున్నాను. తీరా 2004, 2009 లోక్‌సభల వివరాలు తెరిచి చూస్తే ప్రశ్నలు సున్నా, ప్రైవేటు సభ్యుల బిల్లులు సున్నా, హాజరు గడి ఖాళీ. మా హాస్టల్ మిత్రుడు అది చూసి, "మీ పెద్దాయన పదేళ్లు సభ వైపే వెళ్లలేదా ఏమిటి?" అని నవ్వాడు. ఇది లెక్కల్లో దొర్లిన లోపమా, లేక నేను చూడవలసిన చోటు వేరే ఉందా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: డెస్కు పాతకాపు

లోపమేమీ లేదు నాయనా, ఆ సున్నాలు సరైనవే. మంత్రిగా ఉన్న సభ్యుడు ప్రశ్నలు అడగడు, అడిగినవాటికి జవాబు చెబుతాడు. ప్రైవేటు సభ్యుల బిల్లు అనే పేరులోనే ఉంది, అది మంత్రులు కానివారు పెట్టేది. మంత్రులు హాజరు పట్టికలో సంతకం కూడా చేయరు. 2004 మే నుంచి 2014 మే దాకా జైపాల్ రెడ్డి గారు కేంద్ర మంత్రివర్గంలో ఉన్నారు కాబట్టి ఆ రెండు లోక్‌సభల్లోనూ నీకు గడులు ఖాళీగానే కనబడతాయి. పత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో, ఇలాంటి ఖాళీనే చూసి "సభలో మౌనముని" అని శీర్షిక పెట్టబోయిన కుర్రవాడిని నేను ఆఖరి నిమిషంలో ఆపవలసి వచ్చింది. ఆ వార్త వేరే మంత్రి గురించి లే.

అందువల్ల పట్టిక వేసే ముందు, ఏ సంవత్సరంలో ఆయన ఏ కుర్చీలో కూర్చున్నారో ఒక కాగితం మీద రాసుకో. 1969 నుంచి 1984 వరకు కల్వకుర్తి శాసనసభ్యుడు. 1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1990లో రాజ్యసభకు వచ్చి, 1991-92లో అక్కడ ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశారు. 1998లో మళ్లీ మహబూబ్‌నగర్, 1999, 2004లలో మిర్యాలగూడ, 2009లో నియోజకవర్గాల పునర్విభజనతో కొత్తగా ఏర్పడిన చేవెళ్ల. ప్రశ్నల లెక్క పనికివచ్చేది ఆయన ప్రతిపక్షంలో ఉన్న కాలానికి మాత్రమే. 1998 నుంచి 2004 వరకు సాగిన రెండు లోక్‌సభలను తీసుకుంటే నీ పట్టికకు సరుకు దొరుకుతుంది.

మంత్రిగా ఉన్న సంవత్సరాలకు చూడవలసినవి ఆయన సభలో పెట్టిన బిల్లులు, చర్చకు ఇచ్చిన సమాధానాలు. ఉదాహరణకు ఢిల్లీలో అక్రమ కట్టడాలకు సీళ్లు వేయడం, కూల్చివేయడం ముమ్మరమైనప్పుడు, వాటిని ఏడాదిపాటు నిలిపివేసే బిల్లును 2006 మేలో పట్టణాభివృద్ధి మంత్రిగా ఆయనే తెచ్చారు. అది చిరువ్యాపారులకు ఊపిరి పోసిందనేవారూ ఉన్నారు, అక్రమానికి చట్టం గొడుగు పట్టిందనేవారూ ఉన్నారు. నన్నడిగితే రెండోవారి వాదనకే బలం ఎక్కువ, ఎందుకంటే ఏడాదికని చెప్పిన ఏర్పాటు ఆ తర్వాతి చట్టాలతో పొడిగింపు మీద పొడిగింపు పొందింది.

జవాబు 2: పాలమూరు నుంచి వచ్చినవాడు

అందరూ పార్లమెంటుతోనే మొదలుపెడతారు గానీ, ఆయన అసలు బడి అసెంబ్లీ. మాది కల్వకుర్తి పక్క ఊరు, ఆయనది మాడ్గుల. పోలియో వల్ల చంకకర్రలతో నడిచే మనిషి వేదిక ఎక్కడానికి పట్టే ఆ రెండు నిమిషాలూ జనం కదలకుండా చూసేవారని, మైకు ముందుకు వచ్చాక ఆ రెండు నిమిషాలూ మరిచిపోయేవారని మా నాన్న చెప్పేవారు.

పాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్చలు సంపుటాలుగా అచ్చయ్యాయి. వేరే పని మీద వాటిని తిరగేసినప్పుడు గమనించినదేమిటంటే, సభ్యుడు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే అచ్చువేశారు. పేజీ తెలుగులో మొదలై, సగానికి వచ్చేసరికి ఇంగ్లీషులోకి దిగుతుంది. అట్టలు ఊడి, అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి కాబట్టి జేబురుమాలు తీసుకెళ్లండి. అక్కడ మీరు ముఖ్యంగా చూడవలసింది 1975 తర్వాతి భాగం. కాంగ్రెస్ శాసనసభ్యుడిగా ఉంటూ ఎమర్జెన్సీని వ్యతిరేకించి, 1977లో జనతా పార్టీలో చేరిన వ్యక్తి, 1978, 1983 ఎన్నికల్లో జనతా అభ్యర్థిగానే కల్వకుర్తిలో గెలిచారు. మధ్యలో 1980లో మెదక్ లోక్‌సభ స్థానంలో ఇందిరా గాంధీ మీద పోటీ చేసి రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. అంత ఓటమి తర్వాత కూడా సొంత నియోజకవర్గం ఆయనను వదలలేదు. (కల్వకుర్తి ఓటరు సామాన్యుడు కాడు, 1989లో ఎన్టీ రామారావు గారినే ఓడించి పంపాడు.) 1999లో ఆయన తిరిగి కాంగ్రెస్‌లో చేరడాన్ని మీ పేపరులో దాటవేయకండి. రెండు దశాబ్దాలు ఎదిరించిన పార్టీలోకి ఎందుకు వెళ్లారన్న ప్రశ్నను మా ప్రాంతంలో ఇప్పటికీ అడుగుతారు.

జవాబు 3: నాగోల్ ప్రయాణికుడు

ఇన్ని మాటల్లో అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. హైదరాబాదుకు మెట్రో తెచ్చింది జైపాల్ రెడ్డి గారు. నేను రోజూ నాగోల్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగుతాను. కాబట్టి ఆయన రికార్డు ఏమిటని నన్ను అడిగితే రైలును చూపిస్తాను.

జవాబు 4: డెస్కు పాతకాపు

నాగోల్ మిత్రులారా, మీ అభిమానాన్ని కాదనను గానీ, విద్యార్థి పేపరులో ఆ వాక్యం అలాగే పెడితే మొదటి ప్రశ్నకే పడిపోతుంది. ఆయన 2005 చివరి నుంచి 2011 జనవరి వరకు పట్టణాభివృద్ధి మంత్రి. మెట్రోకు కేంద్రం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (సొంతంగా గిట్టుబాటు కాని ప్రాజెక్టుకు లోటు పూడ్చే సాయం) కింద 1,458 కోట్ల రూపాయలు మంజూరు చేయడంలో ఆ శాఖకు పాత్ర ఉంది, అంతవరకు రాయవచ్చు. అయితే 2008లో మెట్రోకు ఆధారమైన ట్రామ్‌వేల చట్టం చేసింది రాష్ట్రం, 2010లో నిర్మాణ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నదీ రాష్ట్రమే, నాగోల్ నుంచి మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు ప్రారంభమైంది 2017 నవంబరులో. ఇందులో ఎవరి వంతు ఎంతో తేదీలే చెబుతాయి.

ఇలాగే, 2010 కామన్వెల్త్ క్రీడల ఏర్పాట్లను చూసిన మంత్రుల బృందానికి ఆయనే అధ్యక్షులన్న సంగతిని అభిమానులు రాయరు. ఆ క్రీడల ఖర్చుపై కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ) 2011లో నివేదిక ఇచ్చింది. మెట్రోను ఆయన ఖాతాలో వేసినవారు దాన్ని కూడా తెరవాలి కదా.

పట్టణాభివృద్ధి తర్వాత ఆయన చూసిన పెట్రోలియం శాఖ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కేజీ-డీ6 (కృష్ణా-గోదావరి బేసిన్‌లోని సహజవాయు) క్షేత్రంలో రిలయన్స్ సంస్థ 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చును రాబట్టుకోవడానికి వీల్లేదని 2012 మేలో ఆ శాఖ నోటీసు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఆయనను శాస్త్ర సాంకేతిక శాఖకు మార్చారు. ఈ రెండు తేదీలూ రికార్డు. ఒకదాని వల్లనే మరొకటి జరిగిందన్నది వాదన, దాన్ని వాదనగానే రాయి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు గట్టెక్కడానికి తెర వెనుక ఆయన చేసిన మంతనాల గురించి ఆయన సన్నిహితులు చెప్పే మాటలూ ఇటువంటివే. ఆ రోజు సభా కార్యకలాపాల ప్రతి తెరిస్తే మంతనాలు కనబడవు.

సీతాఫల్‌మండి విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. ముందుగా సంవత్సరం, సభ, కుర్చీ అని మూడు వరుసలు గీసి, ప్రశ్నల లెక్కను ప్రతిపక్ష కాలానికే పరిమితం చేస్తాను. మెట్రో పేరాను కొట్టేసి తేదీలతో మళ్లీ రాస్తాను. చివరిగా ఒక సందేహం. ఆయన ఆస్తుల వివరాలు కల్వకుర్తి రోజుల నుంచీ వరుసగా పోల్చవచ్చా?

డెస్కు పాతకాపు

వీలుపడదు. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఆస్తులు, కేసుల అఫిడవిట్ ఇవ్వాలన్న నియమం సుప్రీంకోర్టు 2003 తీర్పు తర్వాతే స్థిరపడింది. కాబట్టి 2004లో మిర్యాలగూడ, 2009లో చేవెళ్ల, 2014లో ఆయన ఓడిపోయిన మహబూబ్‌నగర్, ఈ మూడు ఎన్నికలనే పోల్చగలవు. పోల్చేటప్పుడు భూమి విలువను ఏ ఏడాది ధరకు కట్టారో చూసుకో, చేవెళ్ల చుట్టుపక్కల భూముల ధరలు ఆ పదేళ్లలో ఎలా పెరిగాయో నీకు చెప్పనక్కరలేదు.