చిన్న లింకు కనబడితే నొక్కకూడదు, అంతే. ఈ రూలు సరైనదేనా?

వేపచెట్టు:
ఇంట్లో తెగని పంచాయితీ ఒకటుంది, మీ ముందు పెడుతున్నా. బిట్.లీ, టైనీయూఆర్ఎల్ లాంటి కుదించిన లింకు ఎవరు పంపినా నేను నొక్కను. "ఈ వీడియోలో ఉన్నది నువ్వేనా?" అని రాసి కింద పిచ్చి అక్షరాల లింకు పెడితే, పంపింది సొంత అన్నయ్యే అయినా సరే, అసలు అడ్రస్ పంపమంటాను. మా తమ్ముడికి ఇది చాదస్తం. విప్పి చూసుకునే దారులు ఉండగా మొత్తానికే మానేయడమేంటి అంటాడు. నా వాదన ఒకటే. ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పని లింకును నేనెందుకు నమ్మాలి? పూర్తి అడ్రస్ పెట్టడానికి పంపేవాళ్లకి నొప్పేంటి? మీరేమంటారు?

పాతమోడెమ్:
మీ వైపే నేను. ఈ చిన్న లింకులకు ఒకప్పుడు న్యాయమైన కారణం ఉండేది. 2002లో టైనీయూఆర్ఎల్ మొదలుపెట్టిన కెవిన్ గిల్బర్ట్‌సన్ ఒంటిచక్రం సైకిల్ తొక్కే మనిషి. ఆ సరదా ఉన్నవాళ్ల మధ్య పొడుగాటి లింకులు పంచుకోవడానికి పడ్డ తిప్పల్లోంచి పుట్టిందది. అప్పట్లో పెద్ద అడ్రస్ మెయిల్లో పెడితే లైను చివర రెండు ముక్కలయ్యేది, నొక్కితే సగమే తెరుచుకునేది. తర్వాత ట్విట్టర్‌లో ఒక పోస్టు 140 అక్షరాలు దాటకూడదన్న గోల. 2008లో వచ్చిన బిట్.లీ ఆ గోల మీదే పెరిగింది.

ఇప్పుడా రెండు ఇబ్బందులూ లేవు. ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) ప్రతి లింకునూ తనే టీ.కో అనే సొంత చిన్న లింకు కిందకి మార్చేసి, ఎంత పొడుగున్నా 23 అక్షరాలుగానే లెక్కేస్తుంది. కాబట్టి అక్షరాల పరిమితి లేనిచోట చిన్న లింకు కనబడితే నేనడిగే మొదటి ప్రశ్న "ఎందుకు కుదించావు?" అనే. వికీపీడియా ఆ ప్రశ్న కూడా అడగదు. అలాంటి లింకు పెట్టి సేవ్ నొక్కితే ఒప్పుకోదు, అంతే.

రాత్రిబండి:
"ఎందుకు కుదించావు" అంటే జవాబులు బోలెడు పాతమోడెమ్ గారూ. కాగితం మీద అచ్చువేసే లింకు, స్టేజి మీద నోటితో చెప్పే లింకు, ఎంతమంది నొక్కారో లెక్క కావాల్సిన లింకు. ఇవన్నీ మోసాలేనా? వేపచెట్టు గారి తమ్ముడితోనే నేను ఏకీభవిస్తా. విప్పి చూడటం ఎంతసేపు? బిట్.లీ లింకు కాపీ చేసి, చివర ఒక ప్లస్ గుర్తు తగిలించి అడ్రస్ బార్‌లో వేస్తే గమ్యం ఏంటో చూపించే పేజీ వస్తుంది, నేరుగా తీసుకెళ్లదు. టైనీయూఆర్ఎల్‌కైతే ముందు "ప్రివ్యూ" అని, ఒక చుక్క పెడితే అదే పని జరుగుతుంది. పది సెకన్ల పనికి అన్నయ్యని అనుమానించడమెందుకండీ!

కర్ల్‌కమాండ్:
ప్లస్ గుర్తు మంచి చిట్కానే, కానీ దాని మీద అంత భరోసా వద్దు. లోపల జరిగేది చెప్తా. మీరు నొక్కగానే బ్రౌజర్ వెళ్లి ఆ కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ 301 అనో 302 అనో ఒక అంకె ("ఇక్కడ కాదు, వేరేచోటికి వెళ్లు" అని దానర్థం), దాని కింద "లొకేషన్" అనే వరుసలో ఇంకో అడ్రస్ ఇస్తుంది. బ్రౌజర్ మారుమాట్లాడకుండా అక్కడికి పోతుంది. అక్కడ మళ్లీ ఇంకో 302 ఉంటే మళ్లీ పోతుంది. ప్రివ్యూ పేజీ చూపించేది మొదటి మజిలీ ఒక్కటే. బిట్.లీ విప్పితే టైనీయూఆర్ఎల్, అది విప్పితే ఇంకోటి, ఇలా గొలుసు కట్టేవాళ్లకి కొదవలేదు. ఈ కంపెనీలు గొలుసుల్ని కొంత అడ్డుకుంటాయి గానీ, మోసగాడు సొంత సైట్లోనే ఒక మలుపు పెట్టుకుంటే ఎవరు ఆపుతారు?

ఇంకో తిరకాసు. పొద్దున మీరు విప్పి చూసినప్పుడు శుభ్రంగా ఉన్న గమ్యం సాయంత్రానికి మారిపోవచ్చు. లింకు సృష్టించినవాడికే చాలా సర్వీసులు ఆ వీలు ఇస్తాయి. తనిఖీ చేసే యంత్రం వస్తే ఒక పేజీ, ఫోన్‌లోంచి మనిషి వస్తే ఇంకో పేజీ చూపించడం కూడా పాత విద్యే. అసలు సర్వీసే దొంగల చేతికి చిక్కితే మరీ ఘోరం. 2009 జూన్‌లో క్లై.జీఎస్ అనే కుదింపు సర్వీసులోకి ఎవరో చొరబడి 22 లక్షల లింకుల్ని ఒకే పేజీకి తిప్పేశారు. ఆ లింకులు పెట్టినవాళ్లలో ఒక్కరి తప్పూ లేదు.

పాతమోడెమ్:
అదీ సంగతి! మధ్యలో మూడో మనిషిని పెట్టుకుంటే వాడి కష్టాలు కూడా మనవే. బిట్.లీ చివర ఉన్న "లీ" లిబియా దేశపు కోడ్ అని ఎంతమందికి తెలుసు? 2010లో వీబీ.లీ అనే ఇలాంటి సర్వీసు పేరునే, ఆ కోడ్ కింద పేర్లు ఇచ్చే లిబియా సంస్థ వెనక్కి లాగేసుకుంది. గూగుల్ కూడా తన గూ.జీఎల్ లింకులన్నీ 2025 ఆగస్టు 25 నుంచి పనిచేయవని ముందే ప్రకటించి, గడువు దగ్గరపడ్డాక వెనక్కి తగ్గి, వాడకంలో ఉన్నవాటిని మాత్రం ఉంచింది.

రాత్రిబండి:
లింకు చచ్చిపోవడం వేరు, మోసం వేరు. రెండూ కలిపి భయపెట్టకండి సార్.

కంచె:
విప్పి చూస్తే చాలనేవాళ్లూ, నొక్కకపోతే చాలనేవాళ్లూ ఇద్దరూ అడ్రస్ దగ్గరే ఆగిపోతున్నారు. జాన్ పొడెస్టా కేసు ఒకసారి చూడండి. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారానికి ఆయనే సారథి. మీ పాస్‌వర్డ్ ఎవరికో దొరికింది, వెంటనే మార్చుకోండి అని గూగుల్ పేరుతో మెయిల్ వచ్చింది. అందులోని బటన్ వెనకున్నది బిట్.లీ లింకు. ఆ వల పనిచేసింది. తర్వాత ఆయన మెయిళ్లన్నీ, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైటులో తేలాయి.

ఇప్పుడా లింకును విప్పి చూశారనే అనుకోండి. వచ్చే అడ్రస్ ఇది:

మైఅకౌంట్.గూగుల్.కామ్-సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్.టీకే

కంగారులో ఉన్న మనిషి చూపు గూగుల్.కామ్ దగ్గరే ఆగిపోతుంది. కానీ ఆ కామ్ తర్వాత ఉన్నది గీత, చుక్క కాదు. అడ్రస్‌ని వెనక నుంచి చదవాలి. మొదట హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉండే రెండు ఏటవాలు గీతల్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర, అది లేకపోతే చివర ఆగి, అక్కణ్ణుంచి ఎడమకి రావాలి. అలా చదివితే సైటు పేరు "కామ్-సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్.టీకే". దాని ముందున్న మైఅకౌంట్, గూగుల్ అనేవి ఆ సైటు యజమాని తన ఇష్టం కొద్దీ తగిలించుకున్న తోకలు. అవి ఎవరైనా తగిలించుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

అంటే ఇక్కడ చిన్న లింకు దాచింది ఎంత? కొంతే. విప్పాక బయటపడ్డ పొడుగు అడ్రస్ కూడా అబద్ధమే ఆడుతోంది. పూర్తి అడ్రస్ పంపమని పట్టుబట్టే వేపచెట్టు గారికి ఇదే అడ్రస్ పంపితే ఏం చేస్తారు?

ఇంకో విశేషం. ఆ దాడి చేసినవాళ్లు తమ బిట్.లీ ఖాతాను అందరికీ కనబడేలా వదిలేశారు. సెక్యూర్‌వర్క్స్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు అది పట్టుకుని, ఇంకా ఎవరెవరికి గాలం వేశారో వరసగా చూసేశారు. చిన్న లింకే దొంగల్ని పట్టించింది!

వేపచెట్టు:
కంచె గారూ, ఆ గీత సంగతి నిజంగా ఆలోచించాల్సిందే. ఒప్పుకుంటా. కానీ పూర్తి అడ్రస్ కనబడితే అనుమానించడానికి నాకో అవకాశమైనా ఉంటుంది కదా? చిన్న లింకులో అది కూడా లేదు.

కంచె:
అవకాశం ఉంటుంది. కానీ మన కంటికి కనబడే లింకే అసలు లింకని ఎవరు చెప్పారు? మెయిల్లోనో, వెబ్ పేజీలోనో పైకి ఒక అడ్రస్ రాసి, లోపల ఇంకో అడ్రస్ పెట్టొచ్చు. కంప్యూటర్లో మౌస్ దాని మీద నిలిపితే, ఫోన్లో వేలితో నొక్కి పట్టుకుంటే లోపలిది కనబడుతుంది. అలాగే సైటు పేరుకి ముందు ఎట్ గుర్తు (@) పెడితే, దానికి ఎడమన ఉన్నదంతా ఉత్త అలంకారం. బ్రౌజర్ వెళ్లేది కుడిపక్క సైటుకే. ఇవేవీ చిన్న లింకులు కావు, అన్నీ నిండు అడ్రస్‌లే.

నా లెక్కలో అసలు తనిఖీ నొక్కేముందు కాదు, నొక్కాక పేజీ మనల్ని ఏదైనా అడిగినప్పుడు చేయాలి. పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు నంబరు అడిగిందా, అప్పుడు చేయి ఆపి అడ్రస్ బార్ చూడాలి. ఇంకా మంచిది, ఆ పేజీ మూసేసి సైటు పేరు మనమే టైపు చేసుకుని వెళ్లాలి. వార్తో, వంటకమో చదువుకోవడానికైతే ఎక్కడ తేలినా పెద్దగా పోయేదేమీ ఉండదు.

నదిఒడ్డు:
చదువుకున్నవాళ్ల మాటలండీ ఇవి. మా అమ్మకి గీతకీ చుక్కకీ తేడా చూడమని, వెనక నుంచి చదవమని చెప్తే వింటుందా? ఆవిడకి నేను చెప్పింది ఒకటే ముక్క, తెలియని లింకు నొక్కొద్దు, నాకు ఫార్వర్డ్ చెయ్యి అని. వేపచెట్టు గారి రూలు గొప్పతనం అదే, గుర్తుంటుంది. మీ రూలుకి ఒక క్లాసు కావాలి. పైగా "చదువుకోవడానికైతే ఏమీ పోదు" అన్నారు. ఆ పేజీ "మీ ఫోన్లో వైరస్ ఉంది, ఈ యాప్ వేసుకోండి" అంటే? అక్కడ పాస్‌వర్డూ అడగరు, ఓటీపీ అడగరు. ఓకే నొక్కితే చాలు, కొంప మునుగుతుంది.

కంచె:
యాప్ విషయం మీరన్నది నిజం. "అడిగినప్పుడు" అనే మాటలో "ఏదైనా వేసుకోమన్నప్పుడు" కూడా చేర్చుకోండి.

కర్ల్‌కమాండ్:
నదిఒడ్డు గారూ, అమ్మగారి కళ్ల మీద భారం వేయకుండా ఉండే దారి ఉంది. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి తనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టండి. అది అడ్రస్‌ని మనలా ఆదరాబాదరాగా చదవదు, సేవ్ చేసిన సైటు పేరుతో పోల్చి చూస్తుంది. పొడెస్టా గారికి వచ్చిన పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా ఆ సైటులో అది గూగుల్ పాస్‌వర్డ్ నింపదు. "ఎప్పుడూ దానంతటదే వచ్చేది, ఇవాళ రాలేదే" అనిపిస్తే అదే హెచ్చరిక. పాస్‌వర్డ్ బదులు ఫోన్ తాళంతోనే లాగిన్ చేయించే పాస్‌కీలు ఇంకో మెట్టు పైన. అవి సైటు పేరుకే కట్టి ఉంటాయి, వేరే సైటుకి ఇద్దామన్నా కుదరదు. ఓటీపీకి ఆ గుణం లేదు. నకిలీ పేజీలో టైపు చేస్తే వాళ్లు ఆ నిమిషంలోనే అసలు సైటులో వాడేసుకుంటారు.

రాత్రిబండి:
పాస్‌వర్డ్ మేనేజర్ నేర్పించడం కంటే ప్లస్ గుర్తు నేర్పించడం సులువేమో బ్రో 🙂 లేదంటే లింకు విప్పిపెట్టే సైట్లు ఉన్నాయిగా, అందులో పేస్ట్ చేస్తే గొలుసు మొత్తం చూపిస్తాయి.

కర్ల్‌కమాండ్:
వాడండి, కానీ ఏ లింకు పేస్ట్ చేస్తున్నారో చూసుకోండి. పాస్‌వర్డ్ రీసెట్ లింకు, సొంత డాక్యుమెంటు లింకు లాంటివి అక్కడ పెడితే తాళంచెవి పరాయి చేతిలో పెట్టినట్టే. అలాంటి కొన్ని సైట్లలో మీరు పబ్లిక్‌గా తనిఖీ చేసింది ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

చిన్న లింకు పంపేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. 2016లో మార్టిన్ జార్జియెవ్, కార్నెల్ టెక్‌కి చెందిన విటాలీ ష్మాటికోవ్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదారక్షరాల చిన్న లింకుల్ని ఊహిస్తూ పోతే ఏం దొరుకుతుందో చూశారు. జనం మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో ఆన్‌లైన్‌గా దాచుకున్న ఫైళ్లు, గూగుల్ మ్యాప్స్‌లో పంచుకున్న దారులు బయటపడ్డాయి. ఐదారక్షరాలంటే మనిషికి అసాధ్యంగానీ యంత్రానికి కాదు. తర్వాత గూగుల్ తన మ్యాప్స్ లింకుల్లో ఆ అక్షరాలను 11, 12కి పెంచింది.

పాతమోడెమ్:
ఇంత చెప్పాక కూడా కుదించిన లింకు ఎందుకు ఉండాలో నాకర్థం కావట్లేదు. విప్పడానికి ఒక సైటు, ఆ సైటుని నమ్మడానికి ఇంకో జాగ్రత్త, పాస్‌వర్డ్‌కి ఒక మేనేజర్. ఇంత తతంగం కంటే పంపినవాణ్ణి "అసలు అడ్రస్ పెట్టు" అనడం తేలిక.

కంచె:
పంపినవాణ్ణి అడగండి, తప్పులేదు. కానీ అదే చాటింగ్‌లో కాకుండా ఫోన్ చేసి అడగండి. ఖాతా హ్యాక్ అయ్యుంటే మీకు జవాబిచ్చేది కూడా ఆ దొంగే. "అవును, నేనే పంపాను, చూడు" అంటాడు.

వేపచెట్టు:
ఈ ఫోన్ మాట మా తమ్ముడికి వినిపించా, ఇద్దరం ఒప్పుకున్న మొదటి పాయింటు ఇదే. నా రూలు మాత్రం వదలను. ఎవరు పంపినా చిన్న లింకు నొక్కను. కంచె గారి రూలు పక్కన చేర్చుకుంటున్నా, పొడుగు లింకు నొక్కినా లోపల ఏదైనా అడిగితే మూసేసి నేనే టైపు చేసుకుని వెళ్తా. వాడు ప్లస్ గుర్తే పెట్టుకుంటానంటున్నాడు, పెట్టుకోనీ.

నదిఒడ్డు:
మధ్యలో ఒక డౌటు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఇదంతా ఎలా వర్తిస్తుంది? అక్కడ నొక్కడమే లేదు కదా.

కర్ల్‌కమాండ్:
చాలా ఫోన్లలో స్కాన్ చేయగానే తెరవదు, అడ్రస్ చూపించి మీరు నొక్కేదాకా ఆగుతుంది. కాబట్టి నొక్కడం ఉంది. చిక్కేంటంటే కోడ్‌ల వెనక చాలాసార్లు ఉండేది కుదించిన లింకే. కోడ్ అచ్చయిపోయాక కూడా గమ్యం మార్చుకునే వీలుంటుందని అలా చేస్తారు. పైగా అసలు కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అంటించేవాళ్లున్నారు. డబ్బు కట్టే చోట ముందు వేలితో గీకి చూడండి, అంచు లేస్తోందేమో.

పాతమోడెమ్:
చూశారా, అక్కడా అదే మూడో మనిషి!