ఖాళీ బండి ఖర్చు ఎవరి నెత్తిన? సాడెక్ దేశాల లారీ రవాణాపై చర్చ

లుసాకా రాజు:
అందరికీ నమస్తే. నేను జాంబియా రాజధాని లుసాకాలో, గనులకు విడిభాగాలు తెప్పించే ఒక కంపెనీలో లెక్కలు చూస్తుంటాను. పోయిన నెల డర్బన్ నుంచి మాకో లారీ వచ్చింది. టైర్లు, బేరింగులు దించేశాక డ్రైవర్ మా గేటు బయట చెట్టు నీడన బండి పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాడు. చిన్న స్టవ్ మీద మొక్కజొన్న సంకటి వండుకోవడం, తిరుగు లోడు కోసం ఫోన్లు చేయడం, ఇదే పని. మా వీధి చివరే ఒక వ్యాపారి దగ్గర హరారేకి వెళ్లాల్సిన సరుకు ఉంది. ఇతను వెళ్లేదీ హరారే మీదుగానే. అయినా ఎక్కించడానికి లేదు. బండి దక్షిణాఫ్రికాది, ఎక్కించేది జాంబియాలో, దించేది జింబాబ్వేలో. రెండూ బండి సొంత దేశం కావు. మూడో దేశం బండి అన్నమాట, పర్మిట్ లేదు. నాలుగో రోజు పొద్దున్నే ఖాళీ ట్రైలర్ గలగలలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఈ సంగతి తవ్వుతున్నాను. ఆఫ్రికా దక్షిణ భాగంలో 16 దేశాల కూటమి సాడెక్. సేవల వ్యాపారం గురించి 2012లో ఒక ప్రోటోకాల్ (ఉమ్మడి ఒప్పందం) మీద సంతకాలు చేశారు. ముందు ఆరు రంగాలు తెరుద్దామనుకున్నారు, అందులో రవాణా ఒకటి. చాలినన్ని దేశాలు ఆమోదించి అది అమల్లోకి వచ్చేసరికి 2022 జనవరి అయింది. ఇక పర్మిట్ల గొడవ తీసేసి, కూటమిలో ఎవరి బండైనా ఎక్కడినుంచి ఎక్కడికైనా సరుకు మోయొచ్చు అనాలా, వద్దా? నా ఓటు, తీసేయాలనే.

ఆటోనగర్ మామ:
రాజూ, ముప్పై ఏళ్లు బెజవాడలో లారీ ఆఫీసు నడిపినవాణ్ణి, నా మాట కూడా విను. లారీవాడి లాభం వెళ్లే కిరాయిలో ఉండదు, తిరుగు కిరాయిలో ఉంటుంది. ఖాళీగా వచ్చినా బండి డీజిలు తాగుతుంది, టైరు అరుగుతుంది, టోల్‌గేటువాడు వదలడు, డ్రైవర్‌కి బత్తా ఇవ్వాలి. ఆ డబ్బంతా ఎక్కడినుంచి వస్తుంది? వెళ్లేటప్పుడు సరుకు వేసినవాడి దగ్గర లాగుతారు. అంటే మీ బేరింగుల ధరలోనే ఉంది. మీ వీధి వ్యాపారి కూడా వేరే బండికి ఎక్కువ ఇచ్చి ఉంటాడు చూడు.

డర్బన్ దారి:
రాజు గారూ, మీరు సరుకు తెప్పించుకునే వైపునుంచి చూస్తున్నారు. నేను డర్బన్‌లో ఎనిమిదేళ్లుగా క్లియరింగ్ పని చేస్తున్నాను, ఇంకో వైపునుంచి చెబుతాను. ఈ ప్రాంతంలో వందల బండ్లున్న కంపెనీలు ఎక్కువగా దక్షిణాఫ్రికావే. వాళ్లకి బ్యాంకు అప్పు తేలిగ్గా పుడుతుంది, కొత్త బండి వస్తుంది, జొహానెస్‌బర్గ్‌లో కూర్చుని జీపీఎస్‌లో అన్నీ చూసుకుంటారు. మలావీలోనో జాంబియాలోనో ఉన్న ఓనర్‌కి నాలుగు సెకండ్‌హ్యాండ్ బండ్లుంటాయి. అందరూ అన్ని చోట్లా తిప్పుకోవచ్చంటే ఆ నాలుగు బండ్లవాడు రెండేళ్లలో బండ్లమ్ముకుంటాడు. ఆ తర్వాత పెద్దవాళ్లు కిరాయి పెంచితే అడిగేవాడు ఎవడు?

పోనీ దక్షిణాఫ్రికావాళ్లు సంతోషంగా ఉన్నారా అంటే అదీ లేదు. ఇక్కడ నిరుద్యోగం 30 శాతం పైనే. పొరుగు దేశాల డ్రైవర్లను తక్కువ జీతానికి పెట్టుకుంటున్నారని ఇక్కడి డ్రైవర్ల ఆరోపణ. 2018 ఏప్రిల్‌లో డర్బన్–జొహానెస్‌బర్గ్ హైవే మీద మూయి రివర్ టోల్ దగ్గర లారీలు తగలబెట్టారు. ఆ వారం మా ఆఫీసులో టెన్షన్ ఇంతా అంతా కాదు, ఏ కంటైనర్ ఎక్కడుందో తెలీదు. బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉన్న సాడెక్ ఆఫీసులో కూర్చుని 'తెరుద్దాం' అని రాయడం తేలిక. ఆ రోడ్డు మీద బండి తోలమనండి.

తిరుపతి లా స్టూడెంట్:
వాణిజ్య చట్టం చదువుతున్నాను, ఈ ప్రోటోకాల్ మీదే ప్రాజెక్ట్ చేశాను. ఒక గందరగోళం తీరుస్తాను. సేవల ఒప్పందంలో 'రవాణా తెరిచాం' అంటే ఒకటే అర్థం కాదు. లారీ సరిహద్దు దాటి వచ్చి మోయడం ఒక పద్ధతి. అవతలి దేశంలో కంపెనీ పెట్టి, అక్కడి నంబర్‌ప్లేటుతో బండ్లు తిప్పడం ఇంకొకటి. డ్రైవర్ మనిషిగా వెళ్లి పనిచేయడం మరొకటి. ప్రతి దేశం తాను ఏ రంగంలో ఏ పద్ధతికి ఎంత ఒప్పుకుంటుందో పట్టిక రాసిస్తుంది, పట్టికలో లేనిది తెరిచినట్టు కాదు. అవతలివాళ్లు అడుగుతారు, ఇవతలివాళ్లు ఇస్తామంటారు, బేరం అలా సాగుతుంది. కంపెనీ పెట్టుకోండి అనడం ప్రభుత్వాలకి తేలిక, పెట్టుబడి వస్తుంది కదా. డ్రైవర్ల దగ్గరికి వచ్చేసరికి అందరి చేతులూ బిగుసుకుంటాయి.

ఇంకో తిరకాసు ఉంది. సేవల ఒప్పందాలకి మూల సూత్రం, కూటమిలో ఒకరికి ఇచ్చింది అందరికీ ఇవ్వాలి. లారీ పర్మిట్లు నడిచేది మాత్రం ఇద్దరిద్దరి ఒప్పందాల మీద. 'నీ బండ్లు ఇన్ని రానిస్తే నా బండ్లు అన్ని రానివ్వు' అనే లెక్క. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. అసలు 2012 దాకా ఎందుకు, 1996లో లెసోతో రాజధాని మసేరులో రవాణా ప్రోటోకాల్ మీద సంతకం చేసినప్పుడే రోడ్డు రవాణాని మెట్టు మెట్టుగా తెరుస్తామని రాసుకున్నారు. మొదటి మెట్టు ఇద్దరిద్దరి ఒప్పందాలు. చాలామంది ఆ మెట్టు మీదే చాప పరిచి పడుకున్నారు.

ఎంజీబీఎస్ ప్రయాణికుడు:
ఈ ఇద్దరిద్దరి లెక్క మనకి తెలియనిదా? 2020లో లాక్‌డౌన్ సడలించాక ఆంధ్రా, తెలంగాణ ఆర్టీసీ బస్సులు నెలల తరబడి సరిహద్దు దాటలేదు. ఎవరి బస్సులు అవతల ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్నదే పేచీ. నవంబర్లో రెండు వైపులా రోజుకి దాదాపు 1.6 లక్షల కిలోమీటర్ల చొప్పున సమానం చేసుకున్నారు, అందుకోసం ఆంధ్రా వైపు లక్ష కిలోమీటర్లకు పైగా తగ్గించుకుంది. ఈలోపు దసరాకి ప్రైవేట్ ట్రావెల్స్ పండగ చేసుకున్నాయి. సమానం కుదిరింది, టికెట్ డబ్బులు మాత్రం నా జేబులోంచి పోయాయి.

లుసాకా రాజు:
హహ, సరిగ్గా చెప్పారు. ఇక్కడ ఇంకా విచిత్రం వినండి. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, లెసోతో, ఎస్వాటిని, నమీబియా ఐదూ కలిసి 1910 నుంచి నడుస్తున్న ఒక కస్టమ్స్ యూనియన్‌లో ఉన్నాయి. వాటి మధ్య సరుకుకి సుంకం లేదు. ఆ సరుకు మోసే బండికి మాత్రం పర్మిట్ కావాలి!

డర్బన్ గారూ, చిన్న ఓనర్లు నలిగిపోతారన్నది కొట్టిపారేయను. కానీ ఇప్పుడున్న పద్ధతి వాళ్లని కాపాడుతోందా? లుసాకా చిన్న ఓనర్ బండి కూడా డర్బన్‌లో దించాక అక్కడినుంచి మొజాంబిక్ రాజధాని మపుటోకి లోడు ఎత్తకూడదు. సముద్రం లేని దేశాలు ఈ కూటమిలో ఆరున్నాయి. బోట్స్వానా, ఎస్వాటిని, లెసోతో, మలావీ, జాంబియా, జింబాబ్వే. మాకు డర్బన్, బెయిరా, దారుస్సలామ్, వాల్విస్ బే, ఏ రేవైనా పక్కదేశం దాటాల్సిందే. కిరాయి పెరిగితే ముందు మునిగేది మేమే.

కాపర్‌బెల్ట్ శీను:
పర్మిట్ పర్మిట్ అని కొట్టుకుంటున్నారు గానీ అసలు రోగం అది కాదన్నా. జాంబియా రాగి గనుల ఊరు కిత్వేలో ఉంటాను. కాంగో సరిహద్దు కసుంబలేసా దగ్గర రాగి లారీల క్యూ ఒకసారి చూడండి, కిలోమీటర్ల కొద్దీ. బండి కదలకుండా నిలబడితే పర్మిట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కాగితం మీద బేరాలాడే బదులు సరిహద్దు గేట్లు బాగుచేయండి.

కజుంగులా చూడండి. జాంబేజీ నది మీద జాంబియా, బోట్స్వానాల మధ్య ఒకప్పుడు పంటు మీద ఒకటి రెండు లారీలు దాటించేవాళ్లు, మిగతావి ఒడ్డున రోజుల తరబడి పడి ఉండేవి. 2003లో అధిక బరువున్న లారీ వల్ల పంటు బోల్తా పడి జనం మునిగిపోయారు. 2021 మేలో 923 మీటర్ల వంతెన తెరిచారు. నేను దాటాను. వంతెన తిన్నగా ఉండదు, నది మధ్యలో ఒంపు తిరుగుతుంది. జింబాబ్వే హద్దు తగలకుండా అలా వంచారు. అవతల రెండు దేశాల అధికారులూ ఒకే చోట, ఒకసారి ఆగితే చాలు. ఆ ఒంపు మీద బండి తోలుతుంటే ఈ దేశాల బేరాలన్నీ ఒక్క చోట పోతపోసినట్టు అనిపించింది.

తిరుపతి లా స్టూడెంట్:
శీను గారూ, ఒకే చోట తనిఖీ కూడా బేరంతోనే వచ్చింది కదండీ. జాంబియా–జింబాబ్వే మధ్య చిరుందులో 2009లో మొదలుపెట్టారు, ఆఫ్రికాలో అదే మొదటిది. నా దేశపు అధికారి నీ నేల మీద నా చట్టం అమలు చేస్తాడు అంటే రెండు పార్లమెంట్లలోనూ చట్టం కావాలి. గేటు వేరు, కాగితం వేరు కాదు.

కాపర్‌బెల్ట్ శీను:
ఒప్పుకుంటా. కానీ ఆ గేటుకీ డబ్బు కావాలిగా. జింబాబ్వే–దక్షిణాఫ్రికా సరిహద్దు బీట్‌బ్రిడ్జ్‌లో జింబాబ్వే వైపు ప్రైవేట్‌వాళ్లు దాదాపు 30 కోట్ల డాలర్లు పెట్టి కొత్తగా కట్టారు, ఆ ఖర్చు లారీల దగ్గర ఫీజుగా వసూలు చేస్తున్నారు. క్యూ తగ్గిందని ఒకడు సంబరపడతాడు, ఫీజు చూసి ఇంకొకడు ఏడుస్తాడు. మా కంపెనీలో ఇద్దరూ ఉన్నారు.

డర్బన్ దారి:
ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. జాంబియా, జింబాబ్వే, మలావీ వైపు వెళ్తే తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల కొమెసా కూటమి ఇచ్చే పసుపు కార్డు కావాలి, థర్డ్ పార్టీకి అదే దిక్కు. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియాల్లో కార్డు ఉండదు, పెట్రోలు డీజిలు మీద పన్ను వేసి ఆ నిధి నుంచే ప్రమాద పరిహారం ఇస్తారు. జాంబియా బండివాడు మా దగ్గర డీజిలు కొట్టించుకుంటే ఆ పన్ను కడతాడు, జాంబియాలోనే ట్యాంకు నింపుకుని వస్తే తప్పించుకున్నట్టే. మేం జాంబియా వెళ్తే మాత్రం సరిహద్దులో కార్డు కొనాల్సిందే. నాకు రోజూ తలనొప్పి ఇలాంటివే, పెద్ద మాటలు కాదు.

పట్టాల పిచ్చోడు:
రైలు మాటే లేదే! టాంజానియా రేవు దారుస్సలామ్ నుంచి జాంబియాలోని కపిరి ఎంపోషి దాకా చైనా కట్టిన తజారా రైలు మార్గం 1,860 కిలోమీటర్లు. అంగోలా రేవు లొబిటోకి వెళ్లే లైను మళ్లీ లేస్తోంది, 2022లో 30 ఏళ్లకి ప్రైవేట్‌వాళ్లకి ఇచ్చారు. ఈ ప్రాంతంలో చాలా లైన్లు ఒకే గేజ్, 1,067 మిల్లీమీటర్లు. రాగి రైలెక్కితే మీ లారీ పేచీ సగం తగ్గదా?

ఆటోనగర్ మామ:
తగ్గుతుంది బాబూ, కానీ రాజు వీధి చివరి సరుకు రైలెక్కదు.

అందరూ చెప్పింది విన్నాక నాకు తోచింది చెబుతా. మన నేషనల్ పర్మిట్ ఎలా నడుస్తోంది? బెజవాడ బండి నాగ్‌పూర్‌లో దించి, అక్కడినుంచి ఇండోర్‌కి లోడు ఎత్తొచ్చు. కానీ నాగ్‌పూర్‌లో ఎత్తి పుణెలో దించకూడదు, ఒకే రాష్ట్రం లోపలి కిరాయి అక్కడి బండ్లది. మీ దగ్గర కూడా అలా గీత గీయొచ్చు కదా. ఒక దేశంలో ఎత్తి ఇంకో దేశంలో దించడం అందరికీ వదిలేయండి. దేశం లోపల ఊరి నుంచి ఊరికి తోలడం మాత్రం ఆ దేశం వాళ్లకే ఉంచండి. డర్బన్ తమ్ముడి నాలుగు బండ్ల ఓనర్ బతుకుతాడు, రాజు డ్రైవర్ ఖాళీగా పోడు. నేనైతే ఎన్ని పర్మిట్లు అని లెక్కపెట్టను. బండి ఫిట్‌నెస్, బ్రేకులు, లోడు బరువు, డ్రైవర్ ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఇవి అడుగుతా.

తిరుపతి లా స్టూడెంట్:
మామ గారూ, మీరు చెప్పిన చివరి మాట మీదే ముసాయిదా ఉంది! కొమెసా, తూర్పు ఆఫ్రికా కూటమి, సాడెక్ మూడూ కలిసి 2017 నుంచి నడిపిన కార్యక్రమంలో అందరికీ ఒకే రోడ్డు రవాణా ఒప్పందం రాశారు. సంఖ్య మీద కాదు, నాణ్యత మీద పర్మిట్. బరువుకీ అంతే, 56 టన్నుల పరిమితి అందరికీ ఒకేలా.

డర్బన్ దారి:
మామ గారి గీత దగ్గర నేను సగం దిగొస్తాను. కానీ ఆ గీత కాపలా కాసేదెవరు? జాంబియాలో ఎత్తి జింబాబ్వేలో దించానని కాగితం చూపించి, మధ్యలో లుసాకాలో ఎత్తి చిరుందులో జాంబియా వైపే దించితే? పోలీసుకి ఇరవై డాలర్లు చాలు. డ్రైవర్ జీతం సంగతి కూడా మామ గారి గీతలో లేదు, మూయి రివర్ మంట దాని మీదే.

ఆటోనగర్ మామ:
ఆ ఇరవై డాలర్లకి మందు ఏ దేశంలోనూ లేదు తమ్ముడూ. జీతం మాట నిజమే, నా దగ్గర జవాబు లేదు. సరే రాజూ, ఆ డ్రైవర్ చివరికి ఎక్కడిదాకా ఖాళీగా పోయాడో కనుక్కున్నావా?

లుసాకా రాజు:
ఇందాకే వాట్సాప్‌లో అడిగాను మామా. చిరుందు దాటాడు, హరారే దాటాడు, బీట్‌బ్రిడ్జ్ దాటాడు. సొంత దేశంలోకి అడుగుపెట్టాక ముసీనా దగ్గర బంగాళాదుంప బస్తాలు దొరికాయట. అప్పటికి వెయ్యి కిలోమీటర్లు పైన ఖాళీ. మా వీధి వ్యాపారి సరుకు పది రోజుల తర్వాత జాంబియా బండిలో హరారే వెళ్లింది. ఆ బండి అక్కడ తిరుగు లోడు కోసం ఆగి ఉందట. ఎన్నాళ్లు ఆగుతుందో చూసి చెబుతాను.