హై వోల్టేజీకి కాలిన ఫ్రిజ్: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

ఆమదాలవలస వాసి
మొన్నటి గాలివానకి మా వీధిలో న్యూట్రల్ వైరు తెగింది. లైట్లు ఒక్కసారి ధగధగా వెలిగి ఆరిపోయాయి. ఫ్రిజ్, టీవీ రెండూ పోయాయి. ఫ్రిజ్ కొని ఆరేళ్లయింది. సర్వీసు మనిషి వచ్చి "లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మొత్తం మార్చాలి, దానికి పెట్టే డబ్బు ఎక్స్ఛేంజ్‌లో పెట్టి కొత్తది తీసుకోండి" అంటున్నాడు. ఏం చేయమంటారు?

విజయనగరం కోట వీధి
కొత్తదే తీసుకోండన్నా. హై వోల్టేజీ తగిలిన వస్తువుని నమ్మలేం. మా పెద్దమ్మ వాళ్ల వాషింగ్ మెషీన్ బోర్డు బాగుచేయిస్తే కొద్దిరోజులకే మళ్లీ పోయింది. డబ్బుకి డబ్బు పోయె, టెన్షన్ మిగిలె.

రాజాం మెకానిక్
లోపల ఏం పోయిందో చూడకుండా పారేయమనడం నాకు నచ్చదండీ. మన లైన్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య సుమారు 400. న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఆ 400ని పంచుకుంటాయి, లోడు తక్కువున్న ఇంటికి వోల్టేజీ 300 దాటి 400 దాకా ఎక్కేయొచ్చు. అప్పుడు బోర్డు మీద ముందుగా దెబ్బతినేది కరెంటు లోపలికొచ్చే చోట హై వోల్టేజీకి అడ్డుగా ఉండే వేరిస్టర్. రూపాయి బిళ్లలా గుండ్రంగా, ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది. అది పగిలి చుట్టూ నల్లగా మసి పట్టి, పక్కనే ఫ్యూజు పోయి ఉంటుంది. చాలా బోర్డుల్లో నష్టం అక్కడితో ఆగుతుంది. ఆ రెండూ చవక సామాన్లే. పెద్ద కెపాసిటర్ నెత్తి ఉబ్బినా, పవర్ ఐసీ అనే చిప్పు పగిలినా పని పెరుగుతుంది, అయినా కొత్త బోర్డంత ఖర్చు కాదు.

పెద్దమ్మగారి మెషీన్ గురించి ఒక మాట. కాలిన వేరిస్టర్ పీకేసి, ఫ్యూజు ఒక్కటే వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. మెషీన్ నడుస్తుంది, కానీ తర్వాతి దెబ్బకి అడ్డేమీ ఉండదు. బాగుచేయించేటప్పుడు వేరిస్టర్ కొత్తది వేశారో లేదో అడిగి చూడండి.

ఇక కంప్రెసర్. ఫ్రిజ్ ప్లగ్గు తీసి, కంప్రెసర్ మీదుండే మూడు పిన్నుల మధ్య ఓమ్స్ మీటరు పెట్టించండి. మామూలు రకమైతే రెండు చిన్న రీడింగులు కలిపితే మూడోది రావాలి, వేగం మార్చుకుంటూ తిరిగే ఇన్వర్టర్ రకమైతే మూడూ సమానంగా రావాలి. పిన్నుకీ బాడీకీ మధ్య రీడింగు వచ్చిందంటే కాయిల్ కాలినట్టే. అప్పుడు కొత్తది కొనుక్కోమని నేనే చెబుతాను.

విజయనగరం కోట వీధి
మీలా విప్పి చూసే మెకానిక్ అందరికీ దొరకడు కదండీ. కంపెనీ సర్వీసువాళ్లు బోర్డు మార్చడమే తప్ప టంకం పెట్టరు.

పలాస నుంచి
అది నిజమే. అలాగని కొత్త ఫ్రిజ్ తెచ్చి అదే లైనుకి తగిలిస్తే రేపు అదీ పోతుంది. 2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్లం, స్తంభాలూ వైర్లూ గాలికి ఎలా పోతాయో తెలుసు. ముందు కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, నష్టం అడగాలన్నా అది చేతిలో ఉండాలి. ఇంటి మెయిన్‌లో ఓవర్ వోల్టేజీ కట్టాఫ్, అంటే వోల్టేజీ పెరిగితే కరెంటు ఆపేసేది, పెట్టించండి.

ఆమదాలవలస వాసి
పిడుగుల పోటుని అడ్డుకునే ఎస్పీడీ అనే పరికరం ఉంటుందట, అది చాలదా?

రాజాం మెకానిక్
చాలదు బాబూ. అది రెప్పపాటు పోటుకే. న్యూట్రల్ తెగి నిమిషాల తరబడి 400 వస్తుంటే అదే కాలిపోతుంది. కట్టాఫ్ ఉండాల్సిందే. ఫ్రిజ్ బోర్డు మీరు విప్పకండి, ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్‌లో చార్జి ఉంటుంది. మెకానిక్ విప్పినప్పుడు కరెంటు వచ్చే మూల దగ్గర్నుంచి ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.