ఉమ్ కుల్సూమ్ ఆరు సినిమాలతో ఆపేయడం నష్టమా, మంచిదా?

కువైట్_శీను:
ఇక్కడ మా ఈజిప్టు డ్రైవర్ బండిలో రోజూ వాళ్ల దేశపు గాయని ఉమ్ కుల్సూమ్ పాటలే. విని విని నాకూ అలవాటైపోయింది. ఈ మధ్య ఆవిడ సినిమాలు వెతికి చూశాను. 1936లో 'వెదాద్'తో మొదలుపెట్టి 1947లో 'ఫాత్మా'తో ఆపేశారు. మొత్తం ఆరే. 1975లో పోయేదాకా మళ్లీ నటించలేదు. అంతటి గాయని ఇన్నేళ్లు సినిమాకి దూరంగా ఉండటం నష్టమే అనిపిస్తోంది. మీరేమంటారు?

హార్మోనియం_మాస్టారు:
ఏం నష్టం లేదు బాబూ. ఆవిడ పాటకి సినిమా చాలలేదు. 'వెదాద్', 'దనానీర్', 'సల్లామా' మూడింట్లోనూ పాటలు పాడే బానిస పిల్ల వేషమే. పాట పెట్టడానికి అల్లిన కథలు. అందులోనూ పాటని నిమిషాల్లో ముగించాలి. అదే కచేరీలో ఒక్క పాట గంట సాగేది. జనం మళ్లీ మళ్లీ అడిగితే అదే పాదాన్ని ప్రతిసారీ కొత్తగా పాడేవారు. నెల మొదటి గురువారం రాత్రి ఆ కచేరీ కోసం అరబ్బు దేశాలన్నీ రేడియో దగ్గర చేరేవి. మన సుబ్బులక్ష్మి గారూ 'మీరా'తో సినిమాలు మానేశారు కదా, ఎవరైనా నష్టం అన్నారా?

రాజు_కడప:
స్టూడియో లైట్లు ఆమె కళ్లకు పడలేదు, థైరాయిడ్ జబ్బు. అందుకే మానేసింది. దీనికింత చర్చ ఎందుకు?

లత_నిజామాబాద్:
మాస్టారూ, మీ వాదనకి పనికొచ్చే మూడే లెక్కపెట్టారు. 'ఫాత్మా'లో ఆవిడ నర్సు. అది బానిస వేషం కాదు, పాతకాలపు కథా కాదు. 'సల్లామా' కోసం బయ్రమ్ అల్ తూనిసి వాడుక భాషలో రాస్తే జకరియా అహ్మద్ బాణీ కట్టిన 'గన్నీలీ ష్వయ్య ష్వయ్య' పాటని ఈ రోజుకీ పాడుకుంటున్నారు. ఆ సినిమా తీయకపోతే ఆ పాట ఎక్కడిది? పైగా 1960లో ఈజిప్టులో టీవీ వచ్చాక ఆవిడ కచేరీలు అందులోనూ వచ్చాయి. అంటే తెరకి దూరమైంది ఎక్కడ?

వెంకట్_భీమవరం:
టీవీలో వచ్చింది కచేరీ. అది నటన కాదు, లెక్కలోకి రాదు.

లత_నిజామాబాద్:
ఒక్కసారి చూసి చెప్పండి వెంకట్ గారూ. వాయిద్యాలు చాలాసేపు మోగుతుంటాయి. ఆవిడ కుర్చీలో కదలకుండా కూర్చుంటారు. లేచి మైకు దగ్గరికి రాగానే హాలంతా గోల. చేతిలో రుమాలు ఉంటుంది. పాట బరువెక్కే కొద్దీ వేళ్లు దాన్ని నలిపేస్తుంటాయి. ఆ చెయ్యి చూస్తే చాలు, భాష రాకపోయినా ఆ బాధ ఏంటో తెలిసిపోతుంది.

వెంకట్_భీమవరం:
రుమాలు నలిపితే నటన అయిపోతుందా? సినిమాలు ఆరే. టీవీ కచేరీలు వేరు. నేను అడుగుతున్నది అదొక్కటే.

హార్మోనియం_మాస్టారు:
రుమాలు చూడ్డానికి ఉమ్ కుల్సూమ్ ఎందుకమ్మా? కళ్లు మూసుకుని వినండి. పాట తెలిసినవాళ్లు చేసే పని అదే.

లత_నిజామాబాద్:
అంటే నాకు పాట తెలియదనా? కళ్లు మూసుకోండి, తెర వెనక ఉండండి అని ఆడవాళ్లకి చెప్పడం అందరికీ తేలికే.

హార్మోనియం_మాస్టారు:
ఆడ, మగ అని తీయకండి. నా సంగతి చెప్తాను. పందొమ్మిదేళ్లప్పుడు ఒక నాటక సమాజానికి వెళ్లాను. పద్యం విని మెచ్చుకున్నారు. తర్వాత నా ముఖం చూసి, వేషానికి పనికిరావు, హార్మోనియం దగ్గర కూర్చో అన్నారు. నలభై ఏళ్లు అక్కడే కూర్చున్నాను. నా పద్యానికి వేరేవాడు పెదవులు కదిపిన రాత్రులు కూడా ఉన్నాయి. గొంతు ఒక్కటే నిజం అని నేను ఊరికే అనడం లేదు.

లత_నిజామాబాద్:
మీకు జరిగింది అన్యాయమే మాస్టారూ. నాకు జరిగింది ఇంకో రకం. పెళ్లయ్యాక మా అత్తగారింట్లో, రేడియోలో పాడుకో, స్టేజీ మాత్రం ఎక్కొద్దు అన్నారు. గొంతు నలుగురూ వినొచ్చు, మనిషి కనపడకూడదు. ఉమ్ కుల్సూమ్ చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆమెకి అబ్బాయి బట్టలు వేసి పాడించేవారు, ఆడపిల్ల నలుగురిలో పాడితే మాట పడాల్సి వస్తుందని. ఆ పిల్లే పెద్దదై తన ముఖంతో, తన పేరుతో సినిమా హాలు తెర నిండా కనపడింది. కథ బాగుందా, పాట పొడుగు తగ్గిందా అన్నది నాకు తర్వాతి మాట.

రాజు_కడప:
అబ్బాయి బట్టల సంగతి నిజమే. నేనూ చదివాను.

హార్మోనియం_మాస్టారు:
నాకు ముఖం అడ్డం పడింది. మీకు ముఖం చూపించనివ్వలేదు. మనిద్దరం ఇందాకటి నుంచి పోట్లాడుతున్నది దీని గురించేనమ్మా. పాటని కోసి సినిమాలో పెట్టారన్న నా మాట మాత్రం మార్చుకోను.

కువైట్_శీను:
మాస్టారూ, ఆరింట్లో మీరు చూసినవి ఎన్ని?

హార్మోనియం_మాస్టారు:
పాటల వరకే చూశాను బాబూ. 'ఫాత్మా' లింకు పెట్టు. ఈసారి మొత్తం చూస్తాను.