అప్‌డేట్: వాట్సాప్‌లో పరువు తీస్తే మనోవేదనకు దావా (తిరుపతి)

వీధి గ్రూపులో నా ఫొటో పెట్టి "చీటీ డబ్బులు తినేసినోడు" అని రాశారు, మనోవేదనకు దావా వేయొచ్చా అని అడిగాను కదా. వేయొచ్చు. కాకపోతే మనోవేదన ఒక్కటే పట్టుకుని పోతే నిలబడటం కష్టం, పరువు నష్టం దావాలోనే పరిహారం కింద కలిపి అడగాలి. పోస్టు పడిన ఏడాదిలోపే వేయాలి. కోర్టు ఫీజు అడిగే మొత్తాన్ని బట్టి పెరుగుతుంది, గొప్పకి కోటి అని రాసుకోవద్దు! రుయా ఆసుపత్రిలో చూపించుకున్న ఓపీ చీటీ, నిద్రమాత్రల బిల్లులు వేదనకు ఆధారం.

అసలు చిక్కు స్క్రీన్‌షాట్‌తోనే. నా దాంట్లో పంపినవాడి పేరు "అన్న 2" అని సేవ్ అయి ఉంది. నంబరు లేదు, తేదీ లేదు. కాంటాక్ట్ తెరిచి నంబరు కనబడేలా మళ్లీ తీశాను, చాట్ ఎక్స్‌పోర్ట్ చేశాను. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63(4) సర్టిఫికెట్ పెట్టాలి: ఒక భాగం ఫోన్ ఉన్న మనిషి, రెండోది నిపుణుడు నింపాలి, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్) సహా. అందుకే ఆ చాట్ ఉన్న పాత ఫోన్ అమ్మకుండా, ఫార్మాట్ కొట్టకుండా బీరువాలో పెట్టేశాను.

క్రిమినల్‌గా అయితే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 356, అంటే పరువు నష్టం సెక్షన్. దీనికి స్టేషన్‌లో నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు, మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదే. ప్రస్తుతానికి 15 రోజుల గడువుతో లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో పోయింది. జవాబు రాలేదు, గ్రూపులో పోస్టు మాత్రం డిలీట్ అయింది.