ఎవరిదో ఫోటో మీద ఎవరిదో కథ చదవడం సబబేనా?

పాత నెగెటివ్:
మొన్న ఒక ప్రయోగాత్మక షార్ట్ ఫిల్మ్ చూశాను, తొమ్మిది నిమిషాలు. తెర మీద ఆర్కైవ్‌లోని పాత ఫోటోలు, వెనక ఒక నవలలోని పేజీలు చదివే గొంతు. ఫోటోల్లో ఉన్నవాళ్లెవరో చెప్పరు. నవలకీ వాళ్లకీ సంబంధం లేదు. చూస్తున్నంతసేపూ బాగుంది, బయటికొచ్చాక మాత్రం ఏదో ఇబ్బంది. ఇలా చేయొచ్చంటారా?

కత్తెర:
ఎందుకు చేయకూడదండీ? ఎడిటింగ్ అంటేనే అది. సోవియట్ దర్శకుడు కులెషోవ్ చేసిన ప్రయోగం గుర్తుందిగా? ఒకే నటుడి ముఖం, అదే షాట్. పక్కన సూప్ గిన్నె చూపిస్తే ఆ ముఖంలో చూసేవాళ్లకి ఆకలి కనబడుతుంది, శవపేటిక చూపిస్తే దుఃఖం. ఇక్కడ గిన్నె బదులు వాక్యం, అంతే తేడా. క్రిస్ మార్కర్ సినిమా 'లా జెటే' (1962) తీసుకోండి. 28 నిమిషాల్లో దాదాపు అన్నీ కదలని ఫోటోలే, పైన కథ చెప్పే గొంతు. దాన్ని క్లాసిక్ అంటున్నాం కదా.

ముందు బెంచీ:
రెండూ ఇక్కడ అతకవు. 'లా జెటే' ఫోటోలు ఆ సినిమా కోసమే నటులతో తీసినవి. కులెషోవ్ వాడిన ముఖమూ నటుడిదే. ముఖం అరువివ్వడం వాళ్ల వృత్తి. ఆర్కైవ్‌లో ఉన్నవాళ్లని ఎవరడిగారు?

మీరు చెప్పిన షార్ట్ ఫిల్మ్ నేనూ చూశాను. స్టూడియోలో నిలబడ్డ ఇద్దరు పిల్లల ఫోటో ఉంటుంది. చిన్నాడి తల కాస్త మసకబారింది. పెద్దాడు వాడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు గొంతు తిరిగిరాని తండ్రి గురించి చదువుతోంది. నాకు ఇద్దరు అనాథలు కనబడ్డారు, కళ్లు చెమర్చాయి కూడా. తర్వాత సౌండ్ తీసేసి మళ్లీ చూశాను. చిన్నాడు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు! ఫోటో చెడిపోతుందని పెద్దాడు వాణ్ని కదలనివ్వట్లేదు, అంతే.

సాహిత్యంతో నాకు పేచీ లేదు. ఆ గొంతు ఎక్కడా ఆగదు, అదీ నా బాధ. వాక్యం అయ్యాక ఓ పది సెకన్లు ఫోటోని మాకొదిలేస్తే మా కళ్లు మేం వాడుకునేవాళ్లం.

కత్తెర:
ఆ పది సెకన్లు ఒప్పుకుంటాను. కానీ ఫోటో అంటే నిజం, మాట అంటే కల్పన అని గీత గీయకండి. నాజీ శిబిరాల మీద అలెన్ రెనే తీసిన 'నైట్ అండ్ ఫాగ్'లో ఒక పాత ఫోటో ఉంది. అందులో కాపలా కాస్తున్న ఫ్రెంచ్ పోలీసు టోపీ కనబడితే ఫ్రెంచ్‌వాళ్ల చేయీ బయటపడుతుందని ఫ్రాన్స్ సెన్సార్‌వాళ్లు పట్టుబట్టి కప్పించారు. అంటే అక్కడ ఫోటోలోనే అబద్ధం చేరింది.

కొత్త ప్రేక్షకుడు:
మొదట్లో 'ఈ ఫోటోలకీ కథకీ సంబంధం లేదు' అని ఒక కార్డు వేస్తే పోయేదానికి ఇంత చర్చా?

ముందు బెంచీ:
కార్డు చదివి ఏడవడం మానేస్తామా? కత్తెర గారూ, 'నైట్ అండ్ ఫాగ్'కి వ్యాఖ్యానం రాసిన కేరోల్ స్వయంగా నాజీల మౌట్‌హౌజెన్ శిబిరంలో ఖైదీగా ఉండి వచ్చినవాడు. ఆ మాటలకీ ఆ ఫోటోలకీ చుట్టరికం ఉంది. మనం చూసినదాంట్లో లేనిది అదే.

పాత నెగెటివ్:
డైరెక్టర్‌ని అడిగాను. ఆ పిల్లల ఫోటో వెనక పెన్సిల్‌తో రెండు పేర్లు రాసి ఉన్నాయట. నవల్లో పిల్లల పేర్లు వేరు కాబట్టి వెనకవైపు స్కాన్ చేయించలేదట.